మెల్విన్ గారి కొబ్బరిపొట్టు సేద్యం

టార్నీట్, ఆస్ట్రేలియా,
12 ఫిబ్రవరి 2023.

చిరంజీవి తమ్ముడు మెల్విన్‌కి,

జాక్లిన్ అక్క ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు క్షేమమా అని అడగను. నీలాంటివాళ్ళు ఎక్కడున్నా క్షేమంగానే ఉంటారు, పక్కనున్నవాళ్ళ సంగతే కనుక్కోవాలి.

యూనివర్సిటీ సెలవుల్లో ద్రాక్ష కోతకని మిల్డ్యూరా బయల్దేరుతూ, బస్సు దగ్గర నా చెవిలో ఒక రహస్యం చెప్పావు. గ్యారేజీలో మొక్కల గురించి ఫోన్‌లో ఒక్క ముక్క రాయొద్దక్కా, పోలీసులు చదివేస్తారు, ఏదైనా ఉంటే లెటర్ రాయి అన్నావు. కవరు మీద నీ పేరు, వెనక నా పేరు, రెండు అడ్రసులూ రాసి పోస్టులో వేస్తే మాత్రం మూడో కంటికి తెలియదన్నమాట. నీ తెలివిని గౌరవించి ఉత్తరమే రాస్తున్నాను.

ఫ్రిజ్ మీద అంటించి వెళ్ళిన నాలుగు పేజీలూ చదివాను. 'కొత్తగా గంజాయి పెంచేవాళ్ళకి సలహాలు' అట. నాకోసమే అనుకున్నాను, ఇంటర్నెట్‌లో లోకమంతటికీ పెట్టావని తర్వాత తెలిసింది. అప్పటికి నీ మొక్కలు జానెడు కూడా లేవు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. నువ్వు సోమలింగానికి పెళ్ళి ముహూర్తం కూడా పెట్టేశావు. రాజోలులో ఆరో తరగతి చదివేటప్పుడు చిక్కుడు గింజ మొలకెత్తించి తెమ్మంటే కుళ్ళబెట్టి, నా చేత మొలిపించుకుని పట్టుకెళ్ళినవాడివి నువ్వు. నీ సలహాలు చదివి పెంచేవాళ్ళని తలచుకుంటే జాలేస్తోంది.

ఆ కొబ్బరిపొట్టు సంగతి చెప్పుకోవాలి. మన వైపు పీచు తీసిన తర్వాత మిగిలే పొట్టుని రోడ్డు పక్కన గుట్టలు పోస్తారు. తాతయ్య దాంతో దోమలకి పొగ పెట్టేవాడు. అదే పొట్టుని ఇటుకలా నొక్కి, ప్లాస్టిక్ చుట్టి, కోకో కాయిర్ అని పేరు పెట్టి అమ్మితే, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించుకుని తెచ్చావు. తెచ్చి, మనం స్నానం చేసే టబ్బులో నానబోశావు. అది ఉబ్బి టబ్బు నిండి, నీళ్ళు పోయే గొట్టంలోకి దిగింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి తీసింది నేను. నువ్వు తలుపు దగ్గర నిలబడి, ఈ పొట్టులో ఉప్పు ఉంటుందక్కా, బాగా కడిగితేనే వేళ్ళు బతుకుతాయి అని నాకు పాఠం చెప్పావు. కడిగింది కూడా నేనే.

నీ రెండో పేజీలో ఒక మాట మాత్రం నిజం. కొబ్బరిపొట్టుకి తనంతట తనకి ఏ బలమూ లేదు, మనం పోసినది తాగి ఊరికే పట్టుకుని కూర్చుంటుంది, ఎండనివ్వకుండా రోజూ పోస్తూనే ఉండాలి అని రాశావు. చదివి పొట్టు గురించి అనుకోలేదు. మూడేళ్ళుగా నేను వండిన అన్నం తింటున్న మనిషి గుర్తొచ్చాడు.

అయినా రోజూ నీళ్ళు పోశాను. నర్సింగ్ ట్రైనింగ్ ప్లేస్‌మెంట్‌లో ముసలివాళ్ళకి పక్కలు మార్చి, నడుము పట్టేసి వచ్చి, మొక్కల చుట్టూ నువ్వు వేసిన టెంట్ జిప్పు తీసి, ఊదారంగు లైటు కింద వంగి పోశాను. మొక్కలకి పాటలు వినిపించమన్నావు. చర్చి పాటలు వద్దు, వాటికి పడవు అని కూడా రాశావు. నేను చర్చి పాటలే పెట్టాను. ఏపుగా పెరిగాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నీకు ఇది ఆట. నాకు కాదని నీకు రెండుసార్లు చెప్పాను. ఈ ఇంటి లీజు నా పేరు మీద ఉంది. జూన్‌లో నా కోర్సు అయిపోతుంది, నర్సుగా రిజిస్టర్ కావాలంటే ముందు పోలీసు రికార్డు చూస్తారు. దాని మీద ఒక్క మచ్చ ఉన్నా నేను ఎవరి మంచం పక్కనా నిలబడలేను. వీసా పోతుంది, నాన్న ఊళ్ళో తల ఎత్తుకోలేడు. ఇదంతా చెబితే నువ్వేమన్నావు? చిల్ అక్కా, ఇది ఆస్ట్రేలియా, ఇక్కడ ఎవడూ పట్టించుకోడు అన్నావు. మీ అమ్మ ఏసుమణి పిన్నితో చెబుతానంటే, చెప్పుకో, బీపీ పెరిగి మంచాన పడితే నీదే పూచీ అన్నావు.

ఇంక నీతో మాట్లాడి లాభం లేదని ఆ రోజే తేలిపోయింది. గింజలు పారేస్తే మళ్ళీ తెప్పిస్తావు, మొక్కలు పీకితే మళ్ళీ నాటుతావు. అందుకే నువ్వు గింజలు నాటి, చేతులు దులుపుకుని, ఫ్రెండ్స్‌తో బార్బెక్యూకి వెళ్ళిన ఆదివారం మధ్యాహ్నం నేను గ్యారేజీలోకి వెళ్ళాను. కుండీల్లోంచి నీ గింజలు ఏరి టాయిలెట్‌లో వేసి నీళ్ళు వదిలాను. వెనక వీధి కళావతి ఆంటీ దగ్గర కాసిని గోంగూర గింజలు తెచ్చి అవే గుంటల్లో పెట్టాను.

అవును నాయనా, గోంగూరే. ఆస్ట్రేలియాలో మొట్టమొదటిసారిగా టెంటు వేసి, ఊదా లైటు పెట్టి, ఫ్యాను తిప్పి, పాటలు పాడి గోంగూర పెంచిన ఘనత నీదే. టార్నీట్‌లో తెలుగువాళ్ళ ప్రతి పెరట్లోనూ ఎండలో దానంతట అదే పెరుగుతోంది. మొదటి ఆకులు గుండ్రంగా వస్తే నీకు అనుమానం వస్తుందేమోనని భయపడ్డాను. నువ్వు కంగారు పడలేదు సరికదా, కోకో కాయిర్‌లో మొదట ఇలాగే వస్తాయి, బెంగపడకండి అని మూడో పేజీలో లోకానికి ధైర్యం చెప్పావు. తర్వాత ఆకు అచ్చం గంజాయి ఆకులా వేళ్ళుగా చీలగానే టెంట్ ముందు గెంతులేశావు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ పప్పులో వేసుకుని తిన్న ఆకుని గుర్తుపట్టలేని ఆంధ్రావాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

నా తప్పల్లా ఒకటే. నువ్వు పడిన పొరపాటు ఇంకొకరు పడరనుకున్నాను. కిందటి గురువారం ఇంటి ఏజెంట్ ఎవా ఇన్‌స్పెక్షన్‌కి వస్తానని ముందే కబురు పెట్టింది. వంటిల్లు తోమాను, కార్పెట్ కడిగాను, గ్యారేజీ జోలికి పోలేదు. గోంగూర చూసి ఎవరు భయపడతారులే అనుకున్నాను. ఎవా టెంట్ జిప్పు తీసింది, నడుమెత్తు మొక్కలు చూసింది, నా వైపు చూసింది, బయటికి వెళ్ళి ఫోన్ చేసుకుంది.

ఇద్దరు పోలీసులు వచ్చారు. పెద్దాయన పేరు స్టీవ్. ఇది మా కూర అండీ అని చెప్పాను. దొరికినవాళ్ళందరూ టమాటాలంటారు, కూర అన్నది నువ్వే అని ఆయన నవ్వాడు. నన్ను వంటింట్లో కుర్చీలో కూర్చోమన్నారు.  వాళ్ళని బతిమాలి కళావతి ఆంటీకి ఫోన్ చేశాను.

ఆంటీ స్నానం మధ్యలోంచి వచ్చినట్టు తలకి తువ్వాలు చుట్టుకుని, ఇంటి చెప్పులతోనే వచ్చింది. టెంట్‌లో తల పెట్టి, ఓరి మీ ఇల్లు బంగారంగానూ, కంచంలో పెట్టుకు తినేదానికి కేసేందయ్యా అంది. అదే ఇంగ్లీషులో కాస్త తగ్గించి చెప్పింది. రెండాకులు తుంచి తను నమిలి, రెండు స్టీవ్ చేతిలో పెట్టింది. ఆయన పాపం నమిలాడు. మొహం చింతకాయ తిన్నట్టయింది. మొగ్గలు విచ్చి పసుపు పువ్వులు రావడం కూడా చూసి, ఎవరితోనో మాట్లాడి, సారీ చెప్పి వెళ్ళారు. కూరగాయకి ఊదా లైటు ఎందుకని స్టీవ్ వెళ్తూ అడిగాడు. మా తమ్ముడు చాలా చదువుకున్నాడండీ అని చెప్పాను.

నీకు కూడా ఆ రోజు ఫోన్ చేశారట, లీజు కాగితంలో నీ నంబరు ఉంది కదా. ఏం మాట్లాడారో నేను అడగను. అప్పటినుంచి నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు. ద్రాక్ష తోటలో సిగ్నల్ లేదని పిన్నితో చెప్పావట. పిన్నితో మాట్లాడ్డానికి మాత్రం ఉన్నట్టుంది.

మొక్కలు కోసి పచ్చడి నూరాను. శనివారం ప్రేయర్‌కి వచ్చిన ఆంటీలందరూ సీసాలు పట్టుకెళ్ళారు, పుల్లగా ఘాటుగా చాలా బాగుందన్నారు. నీకు పంపడం లేదు. నీ బట్టలు, పుస్తకాలు, ఆ టెంటు, లైటు అన్నీ క్రాన్‌బర్న్‌లో సుందర్ రాజు అంకుల్ ఇంట్లో దింపాను. నీ గది ఖాళీ చేశానని ఎవాకి రాసిచ్చాను. మిల్డ్యూరా నుంచి నేరుగా అక్కడికే వెళ్ళు. ఎందుకని అంకుల్ అడిగాడు, యూనికి దగ్గరని చెప్పాను. దగ్గర కాదని ఆయనకీ తెలుసు.

పిన్నికి ఏమీ చెప్పలేదు. అది నీ మీద ప్రేమతో కాదు.

ఇట్లు,
జాక్లిన్

తా.క. స్టీవ్ నీకు ఫోన్ చేసింది మన వంటింట్లోంచే. స్పీకర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టాడు. నేను ఎదురుగా కుర్చీలో ఉన్నాను, మాట్లాడొద్దని వేలు చూపించాడు. గ్యారేజీలో మొక్కలు ఎవరివని అడిగాడు. నువ్వు తడుముకోలేదు. అవి మా అక్కవి, నేను వద్దన్నాను, వినలేదు అన్నావు. ఆమె ఏం చేస్తుందని అడిగితే నర్సింగ్ చదువుతుందని, ఏ ఆసుపత్రిలో ప్లేస్‌మెంటో కూడా స్పెల్లింగుతో సహా చెప్పావు. కళావతి ఆంటీ ఇంకా రాలేదు. అప్పటికి వాళ్ళకి అది గంజాయే. నీకూ గంజాయే.