ఆమేన్ అననివాళ్లు

నవంబర్ 3
కృపారాణి చెప్పింది తప్పు. కడపలో పొలిటికల్ సైన్స్ ఎం.ఏ. చదువుతున్న నా మనవరాలు నిన్న ఫోన్లో, "జనం సపోర్టు ఉండబట్టే కదవ్వా, దావీదురాజు ఇన్నేండ్లు చర్చి సెక్రటరీగా ఉండేది" అంది. సపోర్టు కాదే తల్లీ, అలవాటు. ఎన్నిక రోజు ప్రార్థన చేసేది దావీదురాజే. మధ్యలో "నీ దాసుడు దావీదురాజును ఈ ఏడాది కూడా నియమించుము ప్రభువా" అని దూరుస్తాడు. చివర అందరం ఆమేన్ అంటాం. అయిపోయింది ఎలక్షన్. నామినేషన్ నేరుగా దేవుడికే.

నవంబర్ 4
చేతులెత్తి ఓటు వేద్దామని మా ఆయన ఒక్కసారి అన్నాడు. ఆగస్టులో ఆయన పోతే, సమాధుల తోటలో చోటు లేదన్నాడు దావీదురాజు. శవాన్ని ఎండలో పెట్టుకొని బతిమాలాం. చివరికి చేని గట్టున పూడ్చాం.
క్షమించమని బైబిల్ చెబుతుంది. ఎప్పటిలోగా అని చెప్పదు.

నవంబర్ 12
ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ఓబులమ్మ భయపడింది. "ఆయప్పకు ఎదురు చెప్తే నా కూతురి పెండ్లికి చర్చి ఇయ్యడు టీచరమ్మా" అంది. ఎదురు చెప్పమనలేదు, నోరు మూసుకోమన్నాను. "అంతేనా?" అంది. అంతే. సోమన్న మాత్రం, "ఆమేన్ అనకుంటే పాపం తగల్దా?" అన్నాడు. తగిలితే నా పేరు చెప్పమన్నాను.

నవంబర్ 20
దావీదురాజు దారిలో ఆపాడు. "ఏం టీచరమ్మా, శానా తిరుగుతాండావే. మోకాళ్లు జాగర్త" అని నవ్వాడు. నేనూ నవ్వాను. పళ్లన్నీ నావే.

నవంబర్ 23, మధ్యాహ్నం
ఎన్నిక ప్రార్థన ముగిసింది. ఎవరూ ఆమేన్ అనలేదు. ఫ్యాను చప్పుడొక్కటే. వినపడలేదేమో అనుకొని, పాపం, చివరి వాక్యం మళ్లీ చెప్పాడు. అప్పుడూ లేదు. ఆఖరికి తనే, మైకులో, ఒంటరిగా ఆమేన్ అనుకున్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఓబులమ్మే! కొత్తగా వచ్చిన పాస్టరుగారు, దావీదురాజు కావాలనేవాళ్లు చేతులెత్తమన్నారు. లేచింది దావీదురాజు చెయ్యొక్కటే. ఆడవాళ్ల వైపు ఆయన భార్య కొంగు సర్దుకుంటూ కూర్చుంది.
దావీదురాజు ముఖం నుంచి నేను కన్ను తిప్పలేదు. ప్రభువు క్షమించాలి, కడుపు నిండా పండుగ భోజనం చేసినట్టుంది.

నవంబర్ 24
నిన్న తర్వాత జరిగింది రాయడానికి చెయ్యి రాలేదు. సెక్రటరీగా నా పేరు ఎవరో అన్నారు. పేరు పూర్తి కాకముందే అందరూ ఆమేన్ అన్నారు. ఒక్క గొంతుతో. ఇన్నేండ్లు దావీదురాజుకు అన్నట్టే.
సోమన్న రేపు ఆలూరు పోతాడు. రేకు డబ్బా ఒకటి తెమ్మనాలి, మూతకు సందు కోయించి. ఓటు చీటీలు నేనే కత్తిరిస్తాను.