బావకు దొరికిన బంతి

ప్రియమైన అక్కా,

కాలెలా ఉంది? నిచ్చెనెక్కి కొట్టు బోర్డు తుడవడం నీకు అవసరమా అని ఇంకోసారి తిట్టాలని ఉంది గానీ, కట్టు విప్పేదాకా ఆగుతాను.

జాతీయ మహిళల అమెచ్యూర్ గోల్ఫ్ పోటీలో మొదటి మెట్టు దాటాను. రేపటినుంచి ఇద్దరిద్దరికీ ముఖాముఖి. బంతి పడెయ్యాల్సిన పద్దెనిమిది హోళ్ళలో ఎక్కువ గెలిచినవాళ్ళు ముందుకి. ఓడినవాళ్ళు ఇంటికి. కట్టుడు పళ్ళు చేసి బతికే పిల్లకి ఇక్కడేం పని అన్నట్టు చూసినవాళ్ళలో కొందరు అప్పుడే పెట్టెలు సర్దుకున్నారు.

నీ బదులు నా గోల్ఫు కర్రల సంచీ మోస్తున్న మీ ఆయన సంగతి విను. కళ్ళద్దాల కొట్టుకి తాళమేసి వచ్చినా, కొట్టు ఆయన్ని వదల్లేదు. హోల్ చుట్టూ నున్నగా ఉండే గ్రీన్ మీద నేను బంతి ఎత్తి ఇస్తే చాలు, అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ తీసి, నోటితో ఆవిరి ఊది మరీ తుడుస్తాడు. "ఏంటి బావా, బంతికి చూపు సరిచేస్తున్నావా?" అని అందరి ముందూ నవ్వేశాను. మొహం చిన్నబుచ్చుకుని గుడ్డ జేబులో పెట్టేశాడు. అప్పటినుంచీ తడి తువ్వాలే.

కానీ పొడవాటి గడ్డిలో పడ్డ బంతిని మాత్రం ఎవరికంటే ముందు వెతికి పెడుతున్నాడు. నమ్ముతావా?

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఈ బసలో గోడలు అట్టముక్కలు. పక్కగదిలో బావ ఆవులిస్తే ఇక్కడ నాకు నిద్రొస్తోంది. ఉత్తరమే మేలు, మర్నాటికల్లా అందుతోంది.

నీ చిట్టి


చిట్టితల్లికి,

ముందు శుభాకాంక్షలు. తర్వాత ఆశ్చర్యం. నుదుటిమీద కళ్ళద్దాలు పెట్టుకుని వాటికోసం మంచం కింద దూరే మనిషికి, మోకాలెత్తు గడ్డిలో బంతి దొరుకుతోందా? మనిషి మారాడా, చూపు మారిందా? పెళ్ళయినప్పటినుంచీ ఉప్పుడబ్బా ఎక్కడుందో తెలియని ఘనుడాయన.

సరేలే, దొరికితే మనకే మంచిది. ఏడేళ్ళుగా నీ ఆదివారాలన్నీ ఈ ఆటే తినేసింది. ఈసారి కప్పు తెస్తే దేశం జట్టులోకి తీసుకుంటారు. వచ్చే ఏడు నీకు సెలవు దొరుకుతుందో లేదో. ఆట మీద ధ్యాస పెట్టు.

బావకు చెప్పు, వేళకి మందులు వేసుకుంటున్నానని. అబద్ధమే అనుకో.

మీ అక్క


అక్కా,

ఇది నీకు రాయాలా వద్దా అని రెండు కాగితాలు చించేశాను. ఎవరికి చెప్పుకోను మరి?

సెమీఫైనల్‌కి చేరాను. కానీ సంతోషంగా లేదు. ఇవాళ పదకొండో హోల్ దగ్గర నా బంతి అడ్డంగా చెట్లవైపు పోయింది. కొమ్మకు తగిలిన చప్పుడు చెవులారా విన్నాను. ఇక పోయిందనే అనుకున్నాను. బావ మాత్రం కళ్ళు తిప్పకుండా అటే నడిచాడు. దారిలో ఇసుక గుంట ఉందని కూడా చూసుకోక అందులో పడ్డాడు, లేచి మళ్ళీ అటే. నేను వెళ్ళేసరికి "దొరికింది చిట్టీ!" అని కేక. గడ్డిలో చక్కగా, పళ్ళెంలో పెట్టినట్టు ఉంది బంతి. దాని మీద నువ్వు గోళ్ళరంగుతో పెట్టిన రెండు ఎర్ర చుక్కలూ ఉన్నాయి.

అప్పుడు చూశాను. బావ ఎడమ జేబు ఉబ్బెత్తుగా ఉంది. నేను చూసేసరికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

జేబులోంచి ఇంకో బంతి జారవిడుస్తున్నాడేమో అక్కా. నామీద ప్రేమతోనే కావచ్చు. అడిగితే మన ఇల్లేమవుతుంది? అడక్కుండా గెలిస్తే ఆ కప్పు ఎవరిది?

నీ చిట్టి


చిట్టీ,

నీ ఉత్తరం చదివి అరికాలి మంట నెత్తికెక్కింది. నా మొగుణ్ణి దొంగంటావా అని నాలుగు వాక్యాలు రాసి, కొట్టేశాను.

ఎందుకంటే, కుంటుకుంటూ వెళ్ళి అలమారా తీసి చూశాను. నేను చుక్కలు పెట్టి, డబ్బాలకి కాగితం అంటించి దాచిన బంతుల్లో ఒక డబ్బా లేదు. నీ సంచీలో పెట్టినవి కాక, ఇంకొకటి. నాతో మాటమాత్రం చెప్పకుండా తీసుకెళ్ళాడు. అబద్ధమాడటం చేతకాని మనిషనేగా ఇన్నాళ్ళూ ఆయన చిరాకులన్నీ భరించాను!

అడక్కు. అడిగితే తప్పయినా ఒప్పయినా ఆ మాట వెనక్కి రాదు. ఒక పని చెయ్యి. నా ఎర్ర చుక్కలు అన్ని బంతుల మీదా ఉన్నాయి, ఆయన జేబులోవాటి మీద కూడా. కాబట్టి ఫైనల్‌కి చేరితే, అందులో ఆడే బంతి మీద నీకొక్కదానికే తెలిసిన గుర్తు ఇంకోటి పెట్టు, ఆయన చూడకుండా. గడ్డిలో దొరికినదాని మీద అది ఉంటే మనిద్దరం చెంపలేసుకుందాం. లేకపోతే, ఏం చెయ్యాలో నీకు నేను చెప్పక్కర్లేదు.

నిద్ర పట్టని
మీ అక్క


అక్కా,

ఓడిపోయాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. కనుబొమల పెన్సిల్‌తో చుక్కల కింద చిన్న నల్లగీత గీశాను. ఫైనల్లో నా ఎదుటి మనిషి ఆస్పత్రి నర్సు. మంచి ఆటగత్తె, అంతకంటే మంచి మనిషి. పదహారో హోల్ అయ్యేసరికి ఇద్దరం సమానం. ఆ హోల్ మొదలుపెట్టినప్పుడు గీత ఉండటం కళ్ళారా చూశాను. పదిహేడో దగ్గర బావ చేతికిచ్చిన బంతిని మళ్ళీ చూసుకోకుండానే పెట్టి కొట్టాను. గాలికి గడ్డిలోకి పోయింది.

"దొరికింది చిట్టీ!"

గుర్తు చూసుకుంటానని నర్సుకి చెప్పి బంతి ఎత్తాను. రెండు ఎర్ర చుక్కలున్నాయి. గీత లేదు. తిప్పి తిప్పి చూశాను. లేదు.

"నాది కాదు" అన్నాను.

"చుక్కలున్నాయిగా, నీదే!" అంది నర్సు. బావ నోరు తెరిచి నావైపే చూశాడు. నా అసలు బంతి వెతకడానికిచ్చే సమయం అయిపోయింది, వెనక్కెళ్ళి మళ్ళీ కొట్టాల్సొచ్చి ఆ హోల్ ఆవిడకి పోయింది. చివరి హోల్లో ఇద్దరం సమానం. ఒక్క హోల్ తేడాతో కప్పు ఆవిడకి.

బావ నన్నేమీ అడగలేదు. ఆ బంతి తీసి జేబులో వేసుకున్నాడు. పట్టుబడ్డవాడు ఇంకేం మాట్లాడతాడు? బహుమతుల సభకి నేను ఆగాలి, ఆయన్ని ముందు పంపేశాను. ఇంటికొస్తే నువ్వేం చేస్తావో నీ ఇష్టం. నాకు మాత్రం ఆ మొహం చూడాలని లేదు.

నీ చిట్టి


నా చిట్టితల్లీ,

కూర్చుని చదువు.

మీ బావ నిన్న వచ్చాడు. నేను అడగబోతుండగానే ఆ డబ్బా తెచ్చి అలమారాలో పెట్టాడు. నేను అంటించిన కాగితం కూడా చినగలేదు. "చిట్టికి బంతులు అయిపోతాయేమోనని పట్టుకెళ్ళాను, అక్కర్లేకపోయింది" అన్నాడు. బంతి ఎలా దొరికేదని అడిగాను. "అందరూ హోల్ దగ్గరి జెండా చూస్తారు. నేను బంతి పడిన గడ్డిపోచనే చూస్తూ నడుస్తాను. రెప్ప వేస్తే పోయినట్టే" అన్నాడు. ఇసుకలో పడటం అందుకే.

తర్వాత ఎడమ జేబు ఖాళీ చేశాడు. అద్దాల గుడ్డ, అద్దాలు తుడిచే మందుసీసా. "చిట్టి నవ్వుతుందని దాచుకు తిరిగాను. ఫైనల్లో బంతి మీద నల్లటి మరక ఒకటి. తువ్వాలుకి లొంగలేదు. పదహారో గ్రీన్ మీద చిట్టి అటు తిరిగినప్పుడు రెండు బొట్లు మందేసి తుడిచాను. తళతళలాడింది" అన్నాడు.

ఆ మరక నీ నల్లగీతే చిట్టీ. ఆ బంతి నీదే. పదిహేడోది నీదే. కప్పు కూడా నీదయ్యేదేమో. గీత పెట్టమన్నది నేను, పెట్టింది నువ్వు. చెయ్యాల్సిన పని చేసింది ఆయనొక్కడే.

మన అనుమానం సంగతి చెబుదామని నోరు తెరిచాను. అంతలో పక్క కొట్టు దర్జీ వస్తే మీ బావే అతనితో మొదలుపెట్టాడు. "అందరూ నీదే అన్నారు. నాక్కూడా అలాగే అనిపించింది. కానీ మా చిట్టికి ఎక్కడో అనుమానం తగిలింది. కప్పు పోయినా సరే, కాదనేసింది. అలాంటి పిల్ల సంచీ మోశానయ్యా నేను!" కళ్ళు తుడుచుకున్నాడు. ఆ బంతిని కొట్లో అద్దాల బీరువాలో, ఖరీదైన ఫ్రేముల మధ్య పెట్టాడు. ఇవాళ పొద్దున తలుపు తియ్యగానే ముందు దాన్నే తుడిచాడు.

ఆదివారం రా. నేనొక్కదాన్నే చెప్పలేను.

మీ అక్క