కూత తీసేసిన ఇన్వర్టరు

మే 6, బుధవారం
ఆళ్లగడ్డ. అన్న ఇంట్లో ఇన్వర్టరు బిగించాను. ముప్పై ఏళ్లు రాతిబొమ్మలు చెక్కి, ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో నింపుకున్నాడు. ఇప్పుడు ఆక్సిజన్ మిషన్ ఆగితే మనిషే ఆగుతాడు. మిషన్ సెకండ్‌హ్యాండ్‌ది, దాని సొంత అలారం ఎప్పుడో చచ్చింది.
ప్లగ్గు పీకి చూపించాను. టక్... అంతే. ఫ్యాను కూడా తడబడలేదు. కరెంటు పోయిందని చెప్పేది ఇన్వర్టరు కూత ఒక్కటే.
“బ్యాటరీ నాలుగు గంటలే వదినా. కూత వస్తానే టైము సూసుకో. మూడు గంటలు గడిస్తే ఆక్సిజన్ సిలిండరు పెట్టు.”
వదిన దండం పెట్టింది — డబ్బాకి. నాకు గర్వంగానే ఉంది.

మే 9, శనివారం
నంద్యాల. మా ఇన్వర్టర్ల షాపు నిండా జనం. ఎండలు, కరెంటు కోతలు. అన్నం నాలుగింటికి.

మే 11, సోమవారం
మళ్లీ ఆళ్లగడ్డ. అన్న గొణుగుడు — “రేయ్, ఆ కూత ఇనలేన్రా... గుండె అదురుతాంది. పీకెయ్ దాన్ని.”
కుదరదన్నాను.
“ఏందీ, అదీ చేతకాదా? ఏం మెకానిక్‌వురా నువ్వు?”
నన్ను ఎక్కడ గిల్లాలో ఆయనకు బాగా తెలుసు. వదిన పెరట్లో ఉంది. కూత తీగ కత్తిరించి టేపు చుట్టేశాను. ఆమె వచ్చాక మాత్రం — కూత చెడిపోయింది, ఈసారి వచ్చినప్పుడు చూస్తానన్నాను. ఎందుకు అబద్ధమాడానో...
వదిన అంది — “పోనీలేప్పా. పక్క షెడ్లల్లో రాయి కోసే మిషన్లు ఆగితే కరెంటు పోయినట్టే కదా.”
నిజమే. పొద్దస్తమానం ఆ రొదే. హాయిగా బస్సెక్కాను.

మే 16, శనివారం
రెండింటికి ఫోన్. వదిన. “మిషన్ నిలిచిపోయిండాదప్పా... మీయన్న పెదాలు నల్లగైనాయి...”
సిలిండరు పెట్టు, సిలిండరు పెట్టు — షాపులోనే అరుస్తున్నాను.
అంబులెన్సులో నంద్యాలకే తెచ్చారు.

మే 17, ఆదివారం
నిన్న అమావాస్య. అమావాస్యనాడు మా వాళ్లెవరూ ఉలి పట్టరు. షెడ్లన్నీ మూత. పొద్దున పదింటికి లైను పని అని కరెంటు తీశారట. రొద లేనిది అమావాస్యకే అనుకుంది వదిన.
ఆసుపత్రి వరండాలో వచ్చినవాళ్లందరికీ అదే చెబుతోంది — “ఫ్యాను తిరుగుతాంది, మిషన్ నడుస్తాంది, కరెంటు ఉండాదనే అనుకుంటి. టెంకాయ తెద్దామని అంగడికి పోతి. నాదే తప్పు... నేనే సూసుకోలేదు.”
పక్కనే కూర్చున్నాను. అమావాస్య సంగతి నాకు తెలీదా? ఆ ఇంట్లో పుట్టినవాణ్నే కదా! నా చేతులు విరిగిపోను.

మే 19, మంగళవారం
కళ్లు తెరిచాడు. పుట్టినప్పటి నుంచి నన్ను ‘రేయ్’ తప్ప పిలవని మనిషి. మర్యాదగా అడిగాడు — “నువ్వు ఎవరు, అన్నా?”
మెదడుకు గాలి అందలేదట.

మే 20, బుధవారం
రాయలేను.

మే 22, శుక్రవారం
రేపు ఇంటికి పంపుతారట. “ఇంట్లో కరెంటు పోతే ఏర్పాటు ఉందా?” అన్నాడు డాక్టరు. ఉందన్నాను. సిగ్గు లేదు నాకు.
అన్న దగ్గర వదిన చెల్లెల్ని ఉంచి, ఇద్దరం ఆళ్లగడ్డ వచ్చాం. ఆమె వంటింట్లో ఊడుస్తోంది. నేను టేపు విప్పి తీగ అతికించాను. ప్లగ్గు పీకాను. టక్. వెంటనే కూత — ఇల్లంతా.
వదిన చీపురుతోనే వచ్చి నిలబడింది.
“చెడిపోయిండాదంటివే?”
వంగి డబ్బా మూత పెట్టాను.
“ఇంత బేగా బాగైపాయనా?”
నా చేతిలో టేపు ముక్క. దాన్నే చూస్తోంది. ప్లగ్గు మళ్లీ పెట్టడానికి చెయ్యి రాలేదు. అది కూస్తూనే ఉంది.