కొట్టేసిన మూడో లైను

భారతి మేడమ్ గారికి,

నమస్కారమండీ. కోపంతోనే రాస్తున్నాను.

‘నా బడి రోజు’ అని జర్మన్‌లో పది లైన్లు రాయమన్నారు. నావి నాలుగు ఎర్రపెన్నుతో కొట్టేసి, “ఇవి ఇంటిపనుల పాఠంలోవి, ఇక్కడెందుకు?” అన్నారు. ఆ పాఠం మీరింకా చెప్పలేదు కదండీ, ఆ పనులకి జర్మన్ మాటలు ఫోన్‌లో వెతికి మరీ నేర్చుకున్నాను. మామిడి కోతలు మొదలయ్యాక అమ్మ తెల్లారకుండానే తోటకి వెళ్లిపోతుందండీ. వాకిలి ఊడ్చి, అంట్లు తోమి, ఉప్మా చేసి, బాక్సులు కట్టాకే నేను నూజివీడు బస్సెక్కుతాను. నా బడి రోజు వాకిట్లోనే మొదలవుతుంది.

నాతో కవలగా పుట్టిన కృష్ణకాంత్‌కి పదికి పది వేశారు. వాడి రెండో లైను, ‘ఏడింటికి ఉప్మా తింటాను.’

ఆ ఉప్మా ఎవరు చేశారో మీరు కొట్టేసిన నా మూడో లైన్లో ఉంది.

ఇట్లు,
పదికి ఆరు