చేతికి తెలిసిన తలుపు

చిట్టితల్లీ,

ఆఫీసువాళ్ల శిక్షణలో నీకు తిండి సరిగా లేదని మీ అమ్మకు బెంగ. నీ కొడుకు బుడంకాయ మాత్రం నిన్ను అడగడం మానేశాడు. రెండేళ్లవాళ్లకు విశ్వాసం తక్కువ, ఏమనుకోకు.

నా స్కాన్ చూసిన డాక్టరు ఒకప్పుడు నా దగ్గర అనాటమీ చదువుకున్నవాడే. పళ్లెంలో మెదడు పెట్టి, కొత్త జ్ఞాపకాలు తయారయ్యే ఆ చిన్న మడత ఎక్కడుందో చూపించమంటే అప్పట్లో నీళ్లు నమిలాడు. నా తలలో మాత్రం ఇట్టే కనిపెట్టాడట. అది ముడుచుకుపోయిందట. అందుకే ఇవాళ జరిగింది నాకు రేపు ఉండదట.

దాంతో మీ అమ్మ హడలిపోయి, నేను ఇంట్లో లేనప్పుడు వీధి తలుపుకు మెలిక గొళ్లెం పెట్టించిందట. పైకెత్తాలి, లోపలికి నొక్కాలి, పక్కకు లాగాలి. ఈ మర్మం నాకెవరూ చెప్పలేదు. ఇందాక పక్కింటి టీచరమ్మ తలుపు తట్టింది. పేపరు చదువుతూనే లేచి తీశాను.

"అదేంటండీ, ఈ గొళ్లెం తీయడం మీకు రాదని మీ అమ్మాయి అన్నారుగా?" అంది.

నా చేతి వంక చూసుకున్నాను. చిట్టీ, మనసు గుర్తుపెట్టుకునే చోటు వేరు, చెయ్యి ఒడుపు నేర్చుకునే చోటు వేరు. రెండోది నాలో ఇంకా చక్కగా ఉంది. కానీ ఎన్నోసార్లు తీస్తే తప్ప చేతికి అంత ఒడుపు రాదు. లోపలికెళ్లి నా చెప్పులు తిప్పి చూశాను. అడుగున నల్లటి కంకరపొడి. మన వీధిలో కంకర లేదు.

అంటే, మీ అమ్మ మధ్యాహ్నం మేడ మీద ట్యూషను చెప్పుకునే వేళ నేనెక్కడికో వెళ్తున్నాను. బుడంకాయ నా పక్కన నిద్రపోతుంటాడు కదా, వాడికేం కాదు. మీ అమ్మకు చెప్పకు. చెబితే వాణ్ని నా మంచం ఎక్కనివ్వదు. నాకు మిగిలింది ఆ ఒక్క మధ్యాహ్నమే.

నీ అమ్మమ్మ

*

చిట్టీ,

దాచమన్నది ఇక దాచకు. నేనే చెప్పేశాను.

నీకు రాసిన ఉత్తరం నకలు నా దిండు కింద దొరికింది. అది చదివి, ఈ మధ్యాహ్నం నిద్ర ఆపుకుని, ఏం చేస్తానో చూద్దామని కాచుకుని కూర్చున్నాను. లేచింది నేను కాదు, బుడంకాయ. నా చెప్పులు ఈడ్చుకొచ్చి కాళ్ల దగ్గర పెట్టి, తాతమ్మా అనడం రాని నోటితో "తామ్మా, పద" అన్నాడు. నాలో నిలవనిదంతా వాడిలో నిలిచి ఉందని అప్పుడర్థమైంది. నా చేత్తో తలుపు తీయించి, వేలు పట్టుకుని నడిపించాడు. ఏ మలుపులోనూ తడబడలేదు. నేనెన్నడూ చూడని దర్జీ ఒకడు కుట్టుమిషను మీంచి తలెత్తి, "ఏం మామ్మగారూ, ఇవాళ ఆలస్యమైందే!" అన్నాడు.

సందు చివర గోడకు ఒక కంత. దాని అవతల రైలు పట్టాలు. వాడు కంతలోంచి దూరి, తిన్నగా వెళ్లి పట్టా మీద కూర్చుని, పక్కన చోటు తట్టి చూపించాడు. తర్వాత రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

అప్పటికి ఏ చప్పుడూ లేదు. నేనూ వాడి వెనకే దూరి అటూ ఇటూ చూశాను. కాసేపటికి కాళ్ల కింద కంకర సన్నగా అదిరింది.

వాణ్ని లాక్కుని గోడకు అతుక్కుపోయాను. బండి వెళ్లేదాకా వాడు నా చంకలో పకపకా నవ్వాడు. వాడికది ఆట, నేర్పింది నేను. రోజూ వాణ్ని లాగేది నేనే అయ్యుండాలి, లేకపోతే వాడుండడు. కానీ లాగాలన్న సంగతే ఒకరోజు గుర్తురాకపోతే?

మీ అమ్మ తిట్టలేదు. "నువ్వు చెప్పకపోతే నాకెలా తెలిసేదే అమ్మా?" అంది. తిట్టినా బాగుండేది. రేపు నన్ను వృద్ధాశ్రమంలో దింపుతుంది. నేనే దింపమన్నాను. అక్కడ అజమాయిషీ చేసే ఆవిడ గట్టిదట, పాపం, ఇంకా నన్ను చూడలేదు.

నన్ను పంపడం తేలికే. వాడిలో పడ్డ దారిని పంపడం కష్టం. వాడిది నాలాంటి మెదడు కాదు, చూసింది చూసినట్టు పట్టుకుంటుంది. నా విద్యార్థుల్లో ఇంత చురుకైనవాణ్ని చూడలేదు. వెంటనే వచ్చి తీసుకెళ్లు. ముందు మీ బసకు పట్టాలు ఎంత దూరమో కనుక్కో.

ఇది రాస్తుంటే మీ అమ్మ వీధి తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎదురుగా నా చెప్పులు పట్టుకొచ్చి పెట్టి, బుడంకాయ నిలబడ్డాడు. ఏడవడం లేదు. చెవులు మూసుకుని, నవ్వుతూ ఎదురుచూస్తున్నాడు.

నీ అమ్మమ్మ