ఫారంలో రాయని పేరు

1979 ఆగస్టు, శనివారం రాత్రి

ఇవాళ బడికి వచ్చిన ఇటలీ సిస్టరుగారు అడ్మిషన్ ఫారం చూసి నవ్వారు. "మాస్టారూ, ఈ ‘పేరెంట్స్’ లాంటి మాటే మాకూ ఉందండీ. మాకు చుట్టాలని అర్థం. అమ్మానాన్నలకి వేరే మాట. ఫ్రెంచివాళ్ల మాటలో అయితే అమ్మానాన్నా, చుట్టాలూ అందరూ వస్తారు."

"ఆయ్" అన్నాను. నవ్వలేకపోయాను.

రెండేళ్ల క్రితం సువార్తకి నరసాపురం హాస్టల్ ఫారం నింపింది నేనే. అమ్మానాన్నా లేని పిల్లని పెంచింది పెద్దమ్మ చిట్టెమ్మ. ఇంగ్లీషు మాస్టారిని కదా, పెద్దమ్మ ఆ మాటలోకి రాదని ‘పేరెంట్స్’ గడిలో ‘లేరు’ అని రాశాను.

"నా పేరు రాసేరాండీ?" అంది చిట్టెమ్మ. చదువురాని మనిషి.

"రాసేనమ్మా" అన్నాను.

ఎవరూ లేని పిల్ల అని హాస్టలువాళ్లు సువార్తని ఏదో దూరపు ఊరికి పంపేశారు. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఆ ఫారంలో ఎవరున్నారు గనక...

సాయంత్రం సఖినేటిపల్లి రేవులో చిట్టెమ్మ కనిపించింది. ప్రతి శనివారంలాగే నరసాపురం పడవ దిగేవాళ్ల మొహాలు చూస్తోంది. తప్పుకోబోయాను. పక్కనున్నావిడకి నన్ను చూపించింది.

"ఈ మాస్టారేనండీ నా పేరు రాసింది. పేరుంది కదండీ, పిల్లని నా దగ్గరికే పంపుతారు."