కందికొత్త దాకా

డిసెంబర్ 2

పాడేరు నుంచి కవరు వచ్చింది. జీపు డ్రైవర్ అరటి గెలతో పాటు తెచ్చి నా టేబుల్ మీద పడేశాడు. పనసగుడ పంచాయతీ సెక్రటరీగా చేరిన ఈ నాలుగు నెలల్లో ఇంత లావు కవరు రాలేదు.

విషయం ఊరి పక్క వాగు, ఇక్కడి మాటలో గెడ్డ, దాని అవతలి తొమ్మిది ఇళ్ళు. వాళ్ళు ఏడేళ్ళ కింద ఒడిశా సరిహద్దు దాటి వచ్చారు. అడవి అంచున పోడు కొట్టుకుని గుడిసెలు వేసుకున్నారు. ఊళ్ళో కాఫీ తోటలకి కూలికి వెళ్తారు. ఇక్కడి రేషన్ కార్డు లేదు, అడ్రస్ ప్రూఫ్ లేదు. జనవరి తొమ్మిదిన గ్రామసభ పెట్టి, వాళ్ళని ఉండనివ్వాలా ఖాళీ చేయించాలా తేల్చి, తీర్మానం పంపాలట. ఫారంలో మూడో కాలమ్: అక్రమంగా వచ్చినవారా? అవును / కాదు.

సంతకం పెట్టాల్సిన చోట నా పేరు ముందే టైపు చేసేశారు. స్వాతి, పంచాయతీ కార్యదర్శి. ఒళ్ళు మండింది.

డిసెంబర్ 5

సురేంద్ర వచ్చాడు. యువజన సంఘం ప్రెసిడెంట్. ఈ ఊళ్ళో మొదటి డిగ్రీ ఇతనిదే. వైజాగ్‌లో చదివి, ఉద్యోగం వెతుక్కోకుండా వెనక్కి వచ్చి రెండెకరాల్లో కాఫీ, మిరియాలు వేసుకున్నాడు. గెడ్డ అవతలివాళ్ళని పంపెయ్యాలని సంతకాలు సేకరిస్తున్నది ఇతనే.

అరుస్తాడనుకుని సిద్ధంగా కూర్చున్నాను. అరవలేదు. మంచినీళ్ళు అడిగి తాగి నెమ్మదిగా చెప్పాడు. ఆళ్ళు తక్కువకి ఒచ్చేత్తన్నారు కాబట్టి మూడేళ్ళ నుంచి మా ఆడోళ్ళ కూలి పెరగనేదు అన్నాడు. ఏటేటా కొండ ఇంకొంచెం బోడవుతంది, ఇంక ఊటలేటవుతాయి అన్నాడు. రేపు ఆళ్ళకి కార్డులిచ్చేత్తే సదువుకునే మా గుంటలకి రావలసిన హాస్టల్ సీట్లు పంచుకోవాల కదా మేడమ్ అన్నాడు.

ఒక్కటీ కొట్టిపారేసే మాట కాదు. అదే నాకు నచ్చలేదు. అడ్డదిడ్డంగా మాట్లాడి ఉంటే ఎంత హాయిగా ఉండేది.

డిసెంబర్ 6

కిరాణా కొట్టు ఆదినారాయణ గారు కూడా బయటివాళ్ళని తరిమెయ్యాల్సిందేనన్నారు. ఆయనది నర్సీపట్నం.

డిసెంబర్ 11

అసిరమ్మ తోటలో గెడ్డ అవతలివాళ్ళు కాఫీ పళ్ళు ఏరుతున్నారంటే వెళ్ళాను. అసిరమ్మకి డెబ్బై దాటాయి. దిసారికి అక్క. ఈ ఊరి పండగలకి రోజు పెట్టేవాడు దిసారి. ఆ దిసారిని లేపి కూర్చోబెట్టేది మాత్రం ఈవిడే. నన్ను సెక్రటరీ గుంట అంటుంది, గుంట అంటే ఇక్కడ పిల్ల.

వాళ్ళలో సోంబరు అనే అతని పెళ్ళాం సుక్రి ఏరుతుంటే అరగంట అలాగే నిలబడి చూశాను. ఒకే కొమ్మకి పచ్చివీ దోరవీ ఎర్రవీ కలిసే ఉంటాయి. కొమ్మ పట్టుకుని ఒక్కసారి దూసేస్తే పని అయిపోతుంది. కానీ పచ్చికాయ కలిస్తే రేటు పడిపోతుంది, వచ్చే విడత పంట పోతుంది. సుక్రి వేళ్ళు ఎర్రవాటి దగ్గరే ఆగుతాయి. అటు చూడదు కూడా, పక్కావిడతో కబుర్లు చెబుతూనే ఉంటుంది. ఎక్కడో ఒక తప్పు దొరక్కపోతుందా అని ఆమె బుట్టలో చెయ్యి పెట్టి కెలికాను. ఒక్క పచ్చికాయ లేదు.

నేనూ ప్రయత్నించాను. పావుగంటకి గుప్పెడు, అందులో ఆరు పచ్చివి. అసిరమ్మ ఆ ఆరూ ఏరి పక్కన పెడుతూ, నీకు సర్కారు నౌకరీ రాబట్టి బతికిపోనావే గుంటా అంది. అందరూ నవ్వారు. సుక్రి కూడా.

వీళ్ళని ఉంచాలా పంపాలా అని అడిగాను. నన్నడగతావేటి, ముందు నా పళ్ళు దింపనీ అంది అసిరమ్మ.

డిసెంబర్ 18

ఫారం ఎలా నింపాలో చెప్పడానికి పాడేరులో మీటింగ్. నాలుగు గంటలు కూర్చోబెట్టి, చివర్లో ఫారంలో ఉన్నదే చదివి వినిపించారు. బస్టాండులో సురేంద్ర కనిపించాడు, గోనెసంచులు కొనడానికి వచ్చాడట. ఉడకబెట్టిన కందికాయలు కాగితం పొట్లంలో కొని సగం నాకు పోశాడు. ఉప్పు బాగా పట్టి భలే ఉన్నాయి. జీపు వచ్చేదాకా తొక్కలు ఒలుచుకుంటూ వాదించుకున్నాం.

ఇతని తమ్ముడు బెంగళూరులో సెంట్రింగ్ పనిలో ఉన్నాడట. మీరొచ్చి మా కూలి చెడగొట్టారని అక్కడివాళ్ళు అంటారట. ఆ మాట తనే చెప్పాడు, నేను అడగలేదు. మరి నువ్వు ఇక్కడ చేస్తున్నదేమిటి అన్నాను. అందుకే నాకు తెలుసు మేడమ్, అక్కడోళ్ళ కోపమూ అబద్ధం కాదు, మా తమ్ముడి ఆకలీ అబద్ధం కాదు అన్నాడు.

ఉత్త సంతకాలు చాలవు, తోట తోటకీ తిరిగి అసలు లెక్కలు కనుక్కుంటానన్నాడు. మూణ్ణాళ్ళ ముచ్చట అనుకున్నాను.

డిసెంబర్ 22

దిసారికి వైజాగ్‌లో కంటి ఆపరేషన్. ఆయన వచ్చి కోలుకునేదాకా కందికొత్త వాయిదా. జనవరి ఇరవై ఐదుకి పెట్టారు.

కందికొత్త అంటే ఏమిటో అసిరమ్మ చెప్పింది. కొత్త కందులు ముందు కొండదేవుడికి పెట్టాలి. అప్పటిదాకా ఊళ్ళో ఎవ్వరూ గింజ నోట్లో వేసుకోకూడదు. పచ్చి కాయైనా, ఉడికిందైనా, బయట కొన్నదైనా. ఒక్కరు తిన్నా ఊరందరి పంటకీ పురుగు పడుతుంది. ఈ ఏడు కంది విరగకాసింది. అందరూ చూస్తూ కూర్చోవాలి.

డిసెంబర్ 27

మూణ్ణాళ్ళ ముచ్చట కాదు. ఇరవై ఆరు తోటలూ కాలినడకన తిరిగాడు సురేంద్ర. పొడుగు నోట్‌బుక్ తెచ్చి నా టేబుల్ మీద తెరిచాడు.

కూలి నిజంగానే పెరగలేదు. పక్క పంచాయతీలో పెరిగింది. తొమ్మిది ఇళ్ళలో నాలుగు ఇళ్ళవాళ్ళు పోడు పెంచుకుంటూ పోయారు. ఇది సురేంద్ర వైపు. ఇంకో పేజీలో ఇంకోటి ఉంది. మన కుర్రాళ్ళు వైజాగ్, బెంగళూరు పోయాక పళ్ళు ఏరే దిక్కులేక నేలరాలేవట. వీళ్ళు వచ్చాక ఆ ధైర్యంతోనే పదిహేడు కుటుంబాలు కొత్తగా కాఫీ మొక్కలు నాటుకున్నాయి.

గెడ్డ దాటి సోంబరునీ అడిగి వచ్చాడు, ఎందుకు తక్కువకి ఒస్తారని. ఎక్కువ అడిగితే యజమాని అసలు కూలే ఇవ్వకపోతే ఎవురికి సెప్పుకోవాల, నా దగ్గర కాయితం నేదు అన్నాడట సోంబరు.

రెండు పేజీలూ సభలో సదువుతాను అన్నాడు సురేంద్ర. మొదటి పేజీ ఒక్కటే చదివితే గెలుస్తావు కదా అన్నాను. నా మొహం వంక చూశాడు. సిగ్గేసింది. సగం పేజీ రిపోర్టులు నేనెన్ని పంపలేదు!

జనవరి 3

ఇళ్ళ వివరాలు రాయడానికి గెడ్డ దాటాను. వంతెన లేదు, రాళ్ళ మీద అడుగులేసుకుంటూ పోవడమే. చెప్పులు చేత్తో పట్టుకుని, ఫైలు తల మీద పెట్టుకుని, నా ఆఫీసరు హోదా అంతా తడుపుకుని అవతలికి చేరాను.

సోంబరు ఇంటి ముందు అలికిన అరుగు అద్దంలా ఉంది. నాకు పీట వేశాడు. సుక్రి పిల్లకి చోడి అంబలి పోస్తోంది. పిల్లకి జ్వరం తగ్గి నాలుగు రోజులైందట, చేతులు పుల్లల్లా ఉన్నాయి. అంబలి, ఉప్పు. అంతే. దాని నెత్తి మీద చూరుకి మాత్రం కొత్త కందికాయలు కట్టలు కట్టలుగా వేలాడుతున్నాయి. వాళ్ళ పోడులో పండినవే. పిల్ల వాటి వంక చూస్తూ తాగుతోంది.

వండి పెట్టరేం అన్నాను. దిసారి ఇంకా సెప్పనేదు అన్నాడు సోంబరు. సగం తెలుగు, సగం ఒడియా. వాళ్ళ పాత ఊళ్ళో కొత్త పండగ ఎప్పుడో అయిపోయిందట, అన్న ఫోన్ చేసి చెప్పాడట. అయితే మీరు తినొచ్చు కదా అని ప్లీడరులా పాయింటు తీశాను. అక్కడి కొండకి అక్కడ పెట్టినారు, ఇయ్యి ఈ కొండ మీద పండినాయి, ఈ కొండ ఇంకా తిననేదు అన్నాడు.

ఏడేళ్ళ నుంచీ అంతేనట. ఎవరికైనా చెప్పారా అన్నాను. సెప్పడానికేటుంది అని నా ప్రశ్నకే ఆశ్చర్యపోయాడు.

ఇంతకన్నా గొప్ప మనిషిని నేనీ మధ్య చూడలేదు. తిరిగి గెడ్డ దాటుతుండగా, మధ్య రాయి మీద, పాడేరు బస్టాండు గుర్తొచ్చింది. ఉప్పు పట్టిన కందికాయలు. సురేంద్ర ఒలిచినవి. నేను ఒలిచినవి.

జనవరి 4

సురేంద్రకి చెప్పేశాను. చూరు, కట్టలు, పిల్ల, అన్నీ. బస్టాండు మాట నేను ఎత్తలేదు. ఎత్తక్కర్లేకపోయింది. మిరియాల తీగ కడుతున్నవాడు అలాగే కూలబడ్డాడు. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ మెస్సులో ఏది పెడితే అది తినడం అలవాటైపోయిందనీ, ఆ రోజు అసలు గుర్తే రాలేదనీ అన్నాడు. తీగ అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు.

చెప్పకుండా ఉండాల్సిందేమో.

జనవరి 8

సురేంద్ర నాలుగు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు.

జనవరి 9, ఉదయం 9

సోంబరు వాళ్ళు వచ్చేశారు. స్కూలు వరండాకి దూరంగా, ఎండలో, తొమ్మిది ఇళ్ళవాళ్ళూ ఒకే వరసలో కూర్చున్నారు. సుక్రి వంటసామాను మూటకట్టి తెచ్చుకుంది. తీర్మానం వ్యతిరేకంగా వస్తే ఇట్నుంచి ఇటే పొమ్మంటారని భయమట. అంత తొందరగా ఏమీ జరగదని చెప్పాను. మూట ఒళ్ళోంచి దించలేదు.

జనవరి 9, సాయంత్రం 5

ఉన్నది ఉన్నట్టు రాసేస్తాను.

సురేంద్ర లేచి రెండు పేజీలూ చదివాడు. తనకి అనుకూలమైనదీ, కానిదీ ఒకే గొంతుతో. మొదటి పేజీకి చప్పట్లు కొట్టినవాళ్ళే రెండో పేజీకి గొణిగారు. నోట్‌బుక్ మూసి, ఇంకో మాటుంది అన్నాడు. డిసెంబర్ నెల్లో పాడేరులో కందికాయలు తిన్నాను అన్నాడు. కొత్త కాకముందే తిన్నాను. ఈ కొండ మాది అని మీ అందరి సేత సంతకాలు పెట్టించినోణ్ణి నేను. గెడ్డ అవతల గుంట జొరంతో పడుండి కూడా తిననేదు అన్నాడు.

పట్నంలో ఇది నవ్వుకునే సంగతి. ఇక్కడ కాదు. ఈ ఏడు ఎవరి చేలో పురుగు కనిపించినా సురేంద్ర పేరే ఎత్తుతారు. అది తెలిసే చెప్పాడు. పెద్దవాళ్ళు లేచి నిలబడ్డారు. వాళ్ళ నాన్న భీముడు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎవరో సురేంద్ర మీదికి వెళ్ళబోతే అసిరమ్మ కర్ర నేలకేసి కొట్టింది. ఆణ్ణి పూర్తిగా సెప్పనీండి అంది.

అప్పుడు చెప్పాడు. ఉండనిద్దాం. కానీ ఇంక ఒక్క చెట్టు కొట్టకూడదు. కూలి గెడ్డకి ఇటూ అటూ ఒకటే ఉండాల. కాయితం ఉంటేనే ఆళ్ళు కూలి గట్టిగా అడగ్గలరు, ఆళ్ళు అడిగితేనే మనదీ పెరుగుతాది. సోంబరు దూరం నుంచే లేచి చేతులు జోడించి చెట్ల సంగతి ఒప్పుకున్నాడు. పోడు పెంచిన నాలుగు ఇళ్ళవాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు లేచి ఒప్పుకున్నారు.

ఉండనివ్వాలని అరవై మూడు చేతులు. వద్దని పంతొమ్మిది. ఆ పంతొమ్మిది మంది భయాలు కూడా తీర్మానంలో రాయమని పట్టుబట్టింది సురేంద్రే. రాశాను. సుక్రి మూట ఒళ్ళోంచి దించింది.

సురేంద్రకి జరిమానా వేసింది అసిరమ్మ. ఒక కోడిపుంజు, పండగకి నీళ్ళు మొయ్యడం. అక్కడితో నేను ఊరుకోవాల్సింది. లేచి నిలబడి, ఆ కాయలు నేనూ తిన్నానని చెప్పేశాను. అందరూ ఒకటే నవ్వు. నీకేటి తప్పే గుంటా, నువ్వు బయటిదానివి, నీకు జరిమానా నేదు అంది అసిరమ్మ. ప్రేమగానే అంది. నేనూ నవ్వాను.

రూముకి వచ్చాక మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

జనవరి 12

మూడో కాలమ్‌లో తొమ్మిది ఇళ్ళకీ ‘కాదు’ అని రాసి పంపించాను.

జనవరి 17

పాడేరు నుంచి సార్ ఫోన్. ‘అవును’ అని దిద్ది, కింద గ్రామసభ ఉండనిచ్చిందని రాయమన్నారు. దిద్దితే కార్డులు రావు. దిద్దను సార్ అన్నాను. ఈ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే అనుమానం. మెమో పంపిస్తానన్నారు.

జనవరి 21

మెమో వచ్చింది. జీపు డ్రైవర్ దారిలోనే చదివేశాడు. సాయంత్రానికి గెడ్డకి ఇటూ అటూ అందరికీ తెలిసిపోయింది. మెమోలో నా ఇంటిపేరు తప్పు రాశారు.

జనవరి 25, ఉదయం 6

సుక్రి తలుపు కొట్టింది. అసిరమ్మ కబురు పంపిందట. కందికొత్తకి బేగి రావాలట. సురేంద్ర జరిమానా కోడి వచ్చేసిందట, నాదే ఇంకా రాలేదట.